డేటాబేస్ సర్వర్ ఎలా ఎక్కించాలి, ఆ పనిని ఎలా ఆటోమేట్ చేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు కాలేజీల్లో, ఆస్పత్రుల్లో, రైస్ మిల్లుల్లో కంప్యూటర్లు చూసుకునేవాళ్లు, మడికొండ ఐటీ పార్క్‌లో కొత్తగా చేరిన పిల్లలు తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది, మీకు కావాల్సింది చూసుకుని వెళ్లిపోవచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తా: ఎక్కించడం, అంటే ఇన్‌స్టాల్ చేయడం, అరగంట పని, దాన్ని ఐదేళ్లు అప్‌డేట్ చేస్తూ కూర్చునేది ఎవరు అన్నదే అసలు లెక్క. పద్ధతి ఆ మనిషిని చూసి ఎంచుకోవాలి.

## మొదలుపెట్టకముందు

అన్నా, మా షాపుకు అసలు డేటాబేస్ సర్వర్ అవసరమా?

డేటాబేస్ సర్వర్ అంటే అందరి ఎంట్రీలను ఒకచోట దాచి, అడిగినవాళ్లకు అందించే ప్రోగ్రామ్. ఒకే కంప్యూటర్, ఒకే మనిషి ఎంట్రీ చేస్తాడు అంటే అవసరం లేదు, ఎస్‌క్యూలైట్ చాలు. అది సర్వర్ కాదు, ఒక ఫైల్, ఎక్కించేదీ ఏమీ ఉండదు, కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టే (కాపీ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ మూసి ఉండాలి). నాలుగు కౌంటర్ల నుంచి ఒకేసారి బిల్లులు కొడుతున్నారు, ఇంటి నుంచి ఓనర్ కూడా చూడాలి అంటే అప్పుడు సర్వర్ మాట. ఆ ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి అందరూ తెరిచే ప్రయత్నం మాత్రం చేయకండి, నెట్‌వర్క్ ఫోల్డర్ల మీద ఫైల్ లాకింగ్ నమ్మదగ్గది కాదు, ఏదో ఒక రోజు ఫైల్ పాడవుతుంది.

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ... ఏది తీసుకోవాలి?

మీ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఏది అడిగితే అది. సొంతంగా రాస్తుంటే నేనైతే పోస్ట్‌గ్రెస్ అంటా. మరియాడీబీ 2009లో మైఎస్‌క్యూఎల్ నుంచి విడిపోయింది, పైకి ఒకేలా కనిపిస్తుంది కానీ ఇప్పుడు చాలా తేడాలు వచ్చేశాయి, ఒకదాని డేటా ఫోల్డర్ తీసుకెళ్లి ఇంకోదానికి ఇస్తే నడుస్తుందని అనుకోవద్దు. ఇంకో చిక్కు ఉంది, లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 2017లో తొమ్మిదో వెర్షన్ నుంచి మైఎస్‌క్యూఎల్ తీసేసి మరియాడీబీ ఇస్తోంది, ఉబుంటులో రెండూ ఉన్నాయి. కాబట్టి నెట్‌లో ఎవరో రాసిన కమాండ్ కాపీ కొట్టేముందు అది ఏ లినక్స్ కోసం రాశారో చూడండి.

ఏ వెర్షన్ ఎక్కించాలి? కొత్తదే మంచిదా?

పోస్ట్‌గ్రెస్‌లో ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్లు మద్దతు ఉంటుంది. 17 వచ్చింది 2024 సెప్టెంబర్‌లో, 18 వచ్చింది 2025 సెప్టెంబర్‌లో. కొత్తది రాగానే దూకక్కర్లేదు, రెండుమూడు చిన్న అప్‌డేట్లు పడ్డాక ఎక్కిస్తే నిశ్చింత. మైఎస్‌క్యూఎల్ 8.0కు మద్దతు 2026 ఏప్రిల్ వరకే, కాబట్టి ఇప్పుడు కొత్తగా పెట్టేవాళ్లు 8.4 తీసుకోండి, అది ఎక్కువ కాలం మద్దతుండే రకం. మధ్యలో ఇన్నోవేషన్ పేరుతో వచ్చేవి మన ఆఫీసులకు వద్దు, వాటి ఆయుష్షు కొన్ని నెలలే.

మూలకు పాత డెస్క్‌టాప్ ఒకటి పడి ఉంది. దాన్నే సర్వర్ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ ముందు ప్రాసెసర్ చూడండి. మాంగోడీబీ (ఇంకో రకం డేటాబేస్) 5.0 నుంచి ఏవీఎక్స్ అనే సౌకర్యం ఉన్న ప్రాసెసర్ తప్పనిసరి, పాత పెంటియం, సెలెరాన్ చిప్‌లలో అది ఉండదు, ఎక్కించడం బాగానే అవుతుంది, స్టార్ట్ చేయగానే 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని చెప్పి పడిపోతుంది. వర్చువల్ మెషిన్‌లోనూ (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఇంకో కంప్యూటర్) ఇదే గొడవ వస్తుంది, అసలు మెషిన్‌లో ఏవీఎక్స్ ఉన్నా వర్చువల్ మెషిన్‌కు సాదా రకం ప్రాసెసర్ చూపిస్తే లోపల అది కనపడదు, ప్రాసెసర్ రకాన్ని 'హోస్ట్' అని మార్చాలి. పోస్ట్‌గ్రెస్, మరియాడీబీలకు ఇంత పట్టింపు లేదు.

హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయండి. యూపీఎస్ తప్పనిసరి, ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు నేను చెప్పేదేముంది. డేటాబేస్ ప్రతి కమిట్‌కు (ఎంట్రీని ఖాయం చేయడం) డిస్క్ మీద రాసిందాకా ఆగుతుంది కాబట్టి మామూలుగా కరెంటు పోయినా తేరుకుంటుంది, అయితే కొన్ని చవక డిస్కులు రాయకుండానే రాశామని చెప్తాయి. స్పీడ్ కోసం ఇలా డిస్క్ మీద రాసిందాకా ఆగే 'ఎఫ్‌సింక్' సెట్టింగ్‌ను ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు.

విండోస్ మీద పెట్టాలా, లినక్స్ మీద పెట్టాలా?

ఆఫీసులో లినక్స్ తెలిసినవాళ్లు ఒక్కరూ లేకపోతే విండోసే పెట్టండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. యాంటీవైరస్‌లో డేటా ఫోల్డర్‌ను మినహాయించండి, లేకపోతే ఫైళ్లను మధ్యలో పట్టుకుని సర్వర్‌ను సతాయిస్తుంది. ఆ కంప్యూటర్ స్లీప్‌లోకి పోకుండా సెట్ చేయండి, సాయంత్రం పోతూ పోతూ స్విచ్ ఆపే అలవాటున్నవాళ్లకు దూరంగా పెట్టండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉచితమే కానీ 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి ఉంది, స్కాన్ కాపీలు కూడా అందులోనే దాచే సాఫ్ట్‌వేర్ అయితే ఆ 10 జీబీ ఊరికే నిండుతుంది.

## పద్ధతి ఎంచుకునేటప్పుడు

ఉబుంటులో వచ్చేదే చాలా, లేక పోస్ట్‌గ్రెస్ వాళ్ల రిపాజిటరీ కలుపుకోవాలా?

రిపాజిటరీ అంటే ప్యాకేజీలు (ఎక్కించే ఫైళ్ల కట్టలు) డౌన్‌లోడ్ అయ్యే చోటు. పట్టించుకునే మనిషి లేని చోట ఉబుంటుతో వచ్చేదే పెట్టండి. 22.04లో పోస్ట్‌గ్రెస్ 14 వస్తుంది, 24.04లో 16 వస్తుంది, ఆ ఉబుంటు బతికున్నంత కాలం సెక్యూరిటీ ప్యాచ్‌లు వాటంతటవే వస్తాయి, మీరు ఏమీ కదిలించక్కర్లేదు. పెద్ద వెర్షన్ మీకు తెలియకుండా మారదు.

ఉబుంటులో లేని వెర్షన్ కావాలన్నా, ఎక్స్‌టెన్షన్లు (అదనపు సౌకర్యాలు) ఎక్కువ కావాలన్నా, రెండు వెర్షన్లు పక్కపక్కన నడపాలన్నా అప్పుడు అసలువాళ్ల రిపాజిటరీ. దాన్ని కలిపితే మూడు పనులు నెత్తిన పడతాయి: ప్యాకేజీలు అసలైనవేనని తేల్చే సంతకం కీ ఎప్పుడో గడువు దాటితే అప్‌డేట్ ఆగిపోతుంది, మీరే కొత్త కీ తెచ్చుకోవాలి, ఉబుంటు వెర్షన్ కాలం తీరితే వాళ్లు ఆ ప్యాకేజీలను పాతవాటి ఆర్కైవ్‌లోకి మార్చేస్తారు, అడ్రస్ మార్చుకోవాలి, ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేట్లు బయటి రిపాజిటరీలకు మామూలుగా వర్తించవు, జాబితాలో మీరు చేర్చాలి. ఈ మూడూ చేసే ఓపిక ఉంటే నాకు అదే ఇష్టం.

మరియాడీబీ విషయంలో ఒక మాట. ఉబుంటులో అది 'యూనివర్స్' విభాగంలో ఉంటుంది, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లు 'మెయిన్'లో ఉంటాయి. యూనివర్స్‌లో ఉన్నవాటికి పూర్తి సెక్యూరిటీ హామీ కావాలంటే ఉబుంటు ప్రో తీసుకోవాలి, సొంత వాడకానికి ఐదు మెషిన్ల దాకా అది ఉచితం.

డాకర్‌లో పెడితే తప్పా? ఒకరు పెట్టమంటారు, ఇంకొకరు ముట్టుకోవద్దంటారు.

ఇద్దరూ వాళ్ల వాళ్ల అనుభవం చెప్తున్నారు. డాకర్ అంటే సాఫ్ట్‌వేర్‌ను దానికి కావాల్సినవన్నీ కలిపి 'ఇమేజ్' అనే మూటగా తెచ్చి, 'కంటైనర్' అనే విడి డబ్బాలో నడిపే పద్ధతి. డెవలప్‌మెంట్‌కు, టెస్టింగ్‌కు డాకర్‌ను మించింది లేదు, రెండు నిమిషాల్లో లేస్తుంది, వద్దంటే పోతుంది. ఆఫీసు లెక్కలు పెట్టే చోట కూడా నడుస్తుంది, కాకపోతే కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

డేటా కంటైనర్ లోపల ఉండకూడదు, పేరు పెట్టిన వాల్యూమ్‌లో (కంటైనర్ పోయినా మిగిలే నిల్వ చోటు) ఉండాలి. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌లో ఇన్నాళ్లూ వాల్యూమ్ 'డేటా' అనే లోపలి ఫోల్డర్‌కు తగిలించేవాళ్లం, 18 నుంచి దాని పై ఫోల్డర్‌కు తగిలించాలి, పాత కంపోజ్ ఫైల్ (కంటైనర్ సెట్టింగులు రాసే ఫైల్) అలాగే వాడితే తేడా వస్తుంది. ఇమేజ్ వెర్షన్ చెప్పే ట్యాగ్ 'లేటెస్ట్' అని రాయొద్దు, అంకె రాయండి, లేకపోతే ఒక రోజు ఇమేజ్ లాగగానే పెద్ద వెర్షన్ మారిపోయి, ఈ డేటా ఫోల్డర్ పాత వెర్షన్‌ది, నాకు అర్థం కాదు అని సర్వర్ లేవదు. పాస్‌వర్డ్ వేరియబుల్ మొదటిసారి ఖాళీ ఫోల్డర్ ఉన్నప్పుడే పనిచేస్తుంది, తర్వాత ఫైల్‌లో మార్చి పదిసార్లు రీస్టార్ట్ చేసినా పాత పాస్‌వర్డే ఉంటుంది.

అన్నిటికన్నా ప్రమాదం ఫైర్‌వాల్ సంగతి. డాకర్ పోర్ట్ బయటికి ఇస్తే అది ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ నియమాలను దాటేసి నేరుగా తెరుచుకుంటుంది, మీరు పోస్ట్‌గ్రెస్ పోర్ట్ 5432 మూశాననుకుంటారు, ప్రపంచం మొత్తానికి తలుపు తెరిచే ఉంటుంది. పోర్ట్ రాసేటప్పుడు ముందు 127.0.0.1 (ఆ మెషిన్ లోపలికే పరిమితమైన అడ్రస్) చేర్చండి. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా నెట్‌లో తెరిచి ఉన్న మాంగోడీబీలను వేల సంఖ్యలో తుడిచేసి డబ్బులు అడిగారు, అట్లాంటి స్కానింగ్ ఇప్పటికీ రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంది.

సోర్స్ నుంచి కంపైల్ చేస్తే స్పీడ్ పెరుగుతుందంట కదా?

కంపైల్ అంటే సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ను మనమే తయారుచేసుకోవడం, దాంతో స్పీడ్ మీకు కనిపించేంత పెరగదు. ప్యాచ్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ మీరే కంపైల్ చేయాలి, మీరు ఉద్యోగం మారితే ఆ తర్వాతివాడికి అది ఎక్కడ ఉందో కూడా దొరకదు. నేర్చుకోవడానికైతే ఒకసారి తప్పకుండా చేయండి.

స్నాప్‌లో ఒక్క కమాండ్‌తో వస్తోంది, తీసుకోనా?

వద్దు. స్నాప్‌లు (ఉబుంటు వాళ్ల ఇంకో రకం ప్యాకేజీలు) రోజుకు నాలుగుసార్లు కొత్త వెర్షన్ ఉందేమో చూసుకుని వాటంతటవే మారిపోతాయి, డేటాబేస్‌కు ఆ స్వేచ్ఛ ఇవ్వకూడదు.

క్లౌడ్‌లో రెడీమేడ్‌గా తీసుకుంటే ఈ తలనొప్పే ఉండదు కదా?

చాలా వరకు ఉండదు. ప్యాచ్‌లు, బ్యాకప్‌లు వాళ్లే చూస్తారు, అమెజాన్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నుంచి హైదరాబాద్‌లో కూడా సెంటర్లు ఉన్నాయి కాబట్టి దూరం సమస్యా లేదు. బదులుగా సూపర్‌యూజర్ (అన్ని అధికారాలున్న యూజర్) హక్కు పూర్తిగా ఇవ్వరు, ఆపరేటింగ్ సిస్టమ్ ముట్టుకోనివ్వరు, వాళ్ల జాబితాలో లేని ఎక్స్‌టెన్షన్ ఎక్కదు, బిల్లు నెలనెలా వస్తుంది. నర్సంపేటలో మిల్లు, కాంటా దగ్గర కంప్యూటర్, ధాన్యం లారీలు లైన్లో ఉన్నప్పుడు నెట్ పోయింది అనుకోండి, కాంటా ఆగిపోతుంది. అట్లాంటి చోట సర్వర్ మిల్లులోనే ఉండాలి, క్లౌడ్‌లో బ్యాకప్ కాపీ ఉంటే చాలు.

కుబర్నెటిస్ మీద పెట్టొచ్చా?

ఇప్పటికే మీ ఆఫీసులో కుబర్నెటిస్ (చాలా మెషిన్ల మీద కంటైనర్లను నడిపించే వ్యవస్థ) నడిపే టీమ్ ఉంటే క్లౌడ్‌నేటివ్‌పీజీ లాంటి ఆపరేటర్ (అక్కడ డేటాబేస్‌ను చూసుకునే ప్రోగ్రామ్) వాడి పెట్టొచ్చు. డేటాబేస్ కోసమే కుబర్నెటిస్ తేవద్దు.

## ఎక్కించేటప్పుడు

రాకీ లినక్స్‌లో ఎక్కింది అంది, కానీ సర్వీస్ లేవట్లేదు. ఉబుంటులో వెంటనే లేచింది కదా?

లినక్స్‌లో ఈ రెండు కుటుంబాల పద్ధతి వేరు. డెబియన్, ఉబుంటులో ప్యాకేజీ ఎక్కగానే 'మెయిన్' అనే పేరుతో ఒక క్లస్టర్ (ఒక సర్వర్ కింద ఒకే డేటా ఫోల్డర్‌లో ఉండే డేటాబేస్‌ల సమూహం) తయారై, సర్వీస్ దానంతటదే నడుస్తుంది. రాకీ, ఆల్మా, రెడ్ హ్యాట్‌లలో ప్యాకేజీ ఫైళ్లు పెట్టి ఊరుకుంటుంది. క్లస్టర్ తయారుచేసే ఇనిట్‌డీబీ మీరు నడపాలి, సర్వీస్‌ను ఎనేబుల్ చేసి స్టార్ట్ చేయాలి. రాకీ 8, 9లలో పోస్ట్‌గ్రెస్ వాళ్ల రిపాజిటరీ వాడుతుంటే ముందు సిస్టమ్‌తో వచ్చే పోస్ట్‌గ్రెస్ మాడ్యూల్‌ను డిసేబుల్ చేయాలి, లేకపోతే కొత్త ప్యాకేజీలు కనపడవు.

ఉబుంటు పద్ధతి నచ్చనివాళ్లు, అంటే క్లస్టర్ మన సెట్టింగులతో పుట్టాలి అనుకునేవాళ్లు, ముందు పోస్ట్‌గ్రెస్ కామన్ ప్యాకేజీ ఒక్కటే ఎక్కించి, దాని క్రియేట్‌క్లస్టర్ ఫైల్‌లో మెయిన్ క్లస్టర్ చేయొద్దు అని రాసి, ఆ తర్వాత సర్వర్ ప్యాకేజీ ఎక్కించాలి.

తెలుగు పేర్లు కొడితే ప్రశ్న గుర్తులు వస్తున్నాయి. ఇన్‌స్టాల్ తప్పా, సాఫ్ట్‌వేర్ తప్పా?

చాలాసార్లు ఇన్‌స్టాల్ నాటి సంగతే. పోస్ట్‌గ్రెస్ క్లస్టర్ తయారయ్యేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఆపరేటింగ్ సిస్టమ్ లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) నుంచి తీసుకుంటుంది. చిన్న క్లౌడ్ మెషిన్‌లో లొకేల్ ఏమీ పెట్టి ఉండకపోతే 'ఎస్‌క్యూఎల్ ఆస్కీ' అని పుడుతుంది. అప్పుడు ఏ బైట్లు ఇచ్చినా కిక్కురుమనకుండా తీసుకుంటుంది, తర్వాత 'పరకాల'కు అక్షరాలు ఎన్ని అని అడిగితే ఐదు (దీర్ఘం విడి గుర్తుగా లెక్క) అనాల్సింది పదిహేను అంటుంది, ఎందుకంటే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. ఇనిట్‌డీబీ నడిపేటప్పుడే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని స్పష్టంగా చెప్పండి.

మైఎస్‌క్యూఎల్ 5.7లో డిఫాల్ట్ లాటిన్1, అందులో తెలుగు పట్టదు, 8.0 నుంచి యూటీఎఫ్8ఎంబీ4 డిఫాల్ట్ అయింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే కాలమ్ రకం 'ఎన్‌వార్‌చార్' ఉండాలి, క్వెరీలో రాసే పేరుకు ముందు ఎన్ అక్షరం ఉండాలి, లేకుంటే ప్రశ్న గుర్తులే. ఒకసారి ప్రశ్న గుర్తుగా సేవ్ అయిందంటే అసలు పేరు పోయినట్టే, మళ్లీ ఎంట్రీ చేయించాలి.

నా లాప్‌టాప్‌లో నడిచింది, సర్వర్ మీద టేబుల్ లేదంటోంది?

లాప్‌టాప్ విండోస్, సర్వర్ లినక్స్, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, అవునా? విండోస్‌లో టేబుల్ పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చూడదు, లినక్స్‌లో చూస్తుంది. దీనికి ఒక సెట్టింగ్ ఉంది కానీ 8.0 నుంచి డేటా ఫోల్డర్ మొదటిసారి తయారయ్యేటప్పుడే పెట్టాలి, తర్వాత మార్చనివ్వదు. కోడ్‌లో పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి తేవడం మంచి దారి.

డేటా పెద్ద డిస్క్ మీద పెట్టాలి. ఫోల్డర్ మారిస్తే పర్మిషన్ లేదంటోంది, ఓనర్‌ను కూడా మార్చాను.

ఓనర్ ఒక్కటే చూసే రోజులు పోయాయి. రాకీ, రెడ్ హ్యాట్‌లలో ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ కొత్త ఫోల్డర్‌కు డేటాబేస్ లేబుల్ ఉందా అని చూస్తుంది, ఆ లేబుల్ నమోదు చేసి 'రిస్టోర్‌కాన్' నడపాలి. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్‌కు అలాంటిదే యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ ఉంటుంది, కొత్త దారిని అందులో చేర్చి రీలోడ్ చేయాలి. ఎస్‌ఈలినక్స్‌ను ఏకంగా ఆపేయమనే సలహా నెట్ నిండా ఉంటుంది, పది నిమిషాల పనికి తాళం పీకేయడం ఎందుకు.

ఇంకోటి, డిస్క్ మౌంట్ కాకముందే (ఆ ఫోల్డర్‌కు తగలకముందే) సర్వీస్ లేవకుండా, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో ఆ మౌంట్ కావాలి అని రాయండి. డాకర్‌లో హోస్ట్ ఫోల్డర్‌ను తగిలించి ఉంటే ఇది మరీ ముఖ్యం: డిస్క్ మౌంట్ కాకపోతే అక్కడ ఖాళీ ఫోల్డర్ కనపడుతుంది, కంటైనర్ దాన్ని కొత్త ఇన్‌స్టాల్ అనుకుని కొత్త డేటాబేస్ తయారుచేసి హాయిగా లేస్తుంది. పొద్దున సాఫ్ట్‌వేర్ తెరిచినవాళ్లకు ఒక్క రికార్డూ ఉండదు, ఇక టెన్షన్ చూడాలి. డేటా ఎక్కడికీ పోలేదు, డిస్క్ మౌంట్ చేస్తే ఉంటుంది, కానీ ఆలోపు ఎవరైనా కొత్త దాంట్లో బిల్లులు కొట్టి ఉంటే రెండూ కలపడం నరకం.

రూట్ పాస్‌వర్డ్ అడగనే లేదు. ఎక్కడుంది?

ఉబుంటు మైఎస్‌క్యూఎల్‌లో రూట్‌కు పాస్‌వర్డ్ ఉండదు, లినక్స్ రూట్‌గా వెళ్తే నేరుగా లోపలికి రానిస్తుంది, సుడో పెట్టి మైఎస్‌క్యూఎల్ అని కొట్టండి చాలు. రాకీలో ఒరాకిల్ ఇచ్చే ప్యాకేజీ అయితే మొదటిసారి లేచినప్పుడు తాత్కాలిక పాస్‌వర్డ్ ఒకటి తయారుచేసి లాగ్ ఫైల్‌లో రాస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో 'పోస్ట్‌గ్రెస్' అనే లినక్స్ యూజర్‌గా మారి వెళ్లాలి.

పక్క గదిలో కంప్యూటర్ నుంచి కనెక్ట్ కావట్లేదు?

మూడు తలుపులు చూడాలి. సర్వర్ ఏ అడ్రస్ మీద వింటోంది (డిఫాల్ట్‌గా పోస్ట్‌గ్రెస్ లోకల్‌హోస్ట్ మీదే వింటుంది), పోస్ట్‌గ్రెస్ అయితే హెచ్‌బీఏ ఫైల్‌లో ఆ కంప్యూటర్‌కు అనుమతి ఉందా, ఫైర్‌వాల్‌లో పోర్ట్ తెరిచారా: పోస్ట్‌గ్రెస్‌కు 5432, మైఎస్‌క్యూఎల్‌కు 3306, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433. అనుమతి మీ ఆఫీసు నెట్‌వర్క్‌కే ఇవ్వండి, 0.0.0.0/0 (అంటే అందరికీ) అని రాయొద్దు.

మా కాలేజీ ల్యాబ్‌లో నెట్ లేదు. ఎలా?

అదే ఉబుంటు వెర్షన్, అదే ప్రాసెసర్ రకం ఉన్న ఇంకో మెషిన్‌లో నెట్ పెట్టి ప్యాకేజీని దాని డిపెండెన్సీలతో (అది ఆధారపడే వేరే ప్యాకేజీలు) సహా డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. డాకర్ అయితే ఇంకా సులువు, ఇమేజ్‌ను 'సేవ్' చేసి ఒక్క ఫైల్‌గా తెచ్చి ఇక్కడ 'లోడ్' చేయొచ్చు. ముప్పై నలభై మెషిన్లుంటే ఒక మెషిన్‌ను లోకల్ రిపాజిటరీ చేసి మిగతావి దాన్నే చూసేలా పెట్టడం మంచిది, పెన్‌డ్రైవ్ పట్టుకుని వరసల మధ్య తిరిగే పని తప్పుతుంది.

## ఆటోమేట్ చేసేటప్పుడు

మాకు ఉన్నది ఒక్కటే సర్వర్. దానికి ఆటోమేషన్ ఎందుకు సార్?

ఆ ఒక్కటీ కాలిపోయిన రోజు కోసం. అప్పుడు ఏ సెట్టింగ్ ఎంత పెట్టామో గుర్తుండదు, పెట్టినవాడు గచ్చిబౌలిలో ఉద్యోగంలో ఉంటాడు. స్క్రిప్ట్ ఉంటే కొత్త మెషిన్ మీద నడిపి, బ్యాకప్ ఎక్కించి, గంటలో లేపొచ్చు.

షెల్ స్క్రిప్ట్ చాలా, యాన్సిబుల్ నేర్చుకోవాలా?

ఒకటి రెండు మెషిన్లకు షెల్ స్క్రిప్ట్ (కమాండ్లను వరసగా రాసిన ఫైల్) చాలు. దాని లోపం రెండోసారి నడిపినప్పుడు తెలుస్తుంది: యూజర్ ఇప్పటికే ఉన్నాడని ఆగిపోతుంది, లేదా కాన్ఫిగ్ ఫైల్ చివర అవే లైన్లు మళ్లీ చేరుస్తుంది. యాన్సిబుల్‌లో 'ఇది ఇలా ఉండాలి' అని రాస్తాం, ఉంటే వదిలేస్తుంది, లేకపోతే చేస్తుంది. లినక్స్ సర్వర్ మీద ఏజెంట్ ఏదీ ఎక్కించక్కర్లేదు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి), పైథాన్ ఉంటే చాలు. మీ లాప్‌టాప్ విండోస్ అయితే యాన్సిబుల్ నేరుగా దాని మీద నడవదు, విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో పెట్టుకోండి. డాకర్ వాడేవాళ్లకు కంపోజ్ ఫైలే సగం ఆటోమేషన్.

ప్లేబుక్‌లో ఏ పని తర్వాత ఏ పని రాయాలి?

ప్లేబుక్ అంటే యాన్సిబుల్ చేయాల్సిన పనులు రాసే ఫైల్, అందులో వరస తప్పితేనే ఎక్కువ గొడవలు. నేను రాసే వరస ఇది: ముందు టైమ్ జోన్, లొకేల్, తర్వాత డేటా డిస్క్ ఫార్మాట్, మౌంట్, తర్వాత రిపాజిటరీ కీ, రిపాజిటరీ, తర్వాత మెయిన్ క్లస్టర్ చేయొద్దు అనే ఫైల్, ఆ తర్వాతే సర్వర్ ప్యాకేజీ, డేటా ఫోల్డర్‌లో 'పీజీ వెర్షన్' అనే చిన్న ఫైల్ ఉందా అని చూసి, లేకపోతేనే క్లస్టర్ తయారీ, కాన్ఫిగ్, సర్వీస్, యూజర్లు, డేటాబేస్‌లు, చివర బ్యాకప్ టైమర్. ఆ చిన్న ఫైల్ తనిఖీ వదిలేయొద్దు, ఉన్న డేటా మీద మళ్లీ తయారీ నడవకుండా అడ్డుకునేది అదే. డిస్క్ ఫార్మాట్ దగ్గర కూడా ఇప్పటికే ఫైల్‌సిస్టమ్ ఉంటే ముట్టుకోకు అని ఉండాలి, యాన్సిబుల్ మాడ్యూల్ మామూలుగా అలాగే చేస్తుంది, 'ఫోర్స్' మాత్రం పెట్టకండి.

కాన్ఫిగ్‌లో మెమరీ సంగతి మర్చిపోకండి. పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్లు, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ బఫర్ పూల్ రెండూ డేటాను ర్యామ్‌లో ఉంచుకునే చోట్లు, రెండింటికీ డిఫాల్ట్ 128 ఎంబీ. 16 జీబీ మెషిన్ కొని 128 ఎంబీతో నడిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోస్ట్‌గ్రెస్‌కు మొత్తం ర్యామ్‌లో నాలుగో వంతుతో మొదలుపెట్టండి. ఇంకా, ప్యాకేజీ స్థితి 'ప్రెజెంట్' అని రాయండి, 'లేటెస్ట్' అని రాస్తే వేరే చిన్న మార్పు కోసం ప్లేబుక్ నడిపినా డేటాబేస్ అప్‌గ్రేడై రీస్టార్ట్ అవుతుంది.

స్క్రిప్ట్ మధ్యలో నీలం స్క్రీన్ వచ్చి ప్రశ్న అడిగి ఆగిపోతోంది?

అది డెబ్‌కాన్ఫ్, ప్యాకేజీ ఎక్కేటప్పుడు ప్రశ్నలు అడిగే ప్రోగ్రామ్. ఫ్రంటెండ్‌ను 'నాన్ ఇంటరాక్టివ్' అని పెట్టండి, జవాబులు కావాల్సినవి ముందే ఇచ్చి పెట్టండి (సీడ్ చేయడం అంటారు). ఉబుంటు 22.04లో ఏ సర్వీసులు రీస్టార్ట్ చేయాలి అని 'నీడ్‌రీస్టార్ట్' కూడా అడుగుతుంది, దాన్నీ ఆటోమేటిక్‌లో పెట్టాలి. కొత్త క్లౌడ్ మెషిన్ లేవగానే 'లాక్ దొరకలేదు' అని వస్తే ఏమీ పాడవలేదు, వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోంది, లాక్ కోసం కాసేపు ఆగమని ఆప్ట్‌కు (ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించే కమాండ్) చెప్పే ఆప్షన్ ఉంది.

పాస్‌వర్డ్‌లు స్క్రిప్ట్‌లోనే రాస్తే ఏమవుతుంది?

స్క్రిప్ట్ గిట్‌లోకి (కోడ్ దాచుకునే చోటు) పోతుంది, గిట్ నుంచి వాట్సాప్ గ్రూప్‌లోకి పోతుంది. యాన్సిబుల్ వాల్ట్‌లో దాచండి, ఆ టాస్క్‌కు 'నో లాగ్' పెట్టండి, లేకపోతే లోపం వచ్చినప్పుడు పాస్‌వర్డ్ స్క్రీన్ మీద పడుతుంది.

విండోస్‌లో నెక్స్ట్ నెక్స్ట్ కొట్టకుండా ఎక్కించొచ్చా? ల్యాబ్‌లో చాలా మెషిన్లున్నాయి.

అన్నిటికీ నిశ్శబ్ద పద్ధతి ఉంది. పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాలర్‌కు 'అన్‌అటెండెడ్' మోడ్ ఉంది, మరియాడీబీ ఎంఎస్ఐ ఫైల్‌గా వస్తుంది కాబట్టి ఎంఎస్ఐఎగ్జెక్‌తో నడపొచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు ఒకసారి చేత్తో ఇన్‌స్టాల్ స్క్రీన్ల దాకా వెళ్తే చివర కాన్ఫిగరేషన్ ఫైల్ ఎక్కడ ఉందో చూపిస్తుంది, దాన్ని కాపీ చేసుకుని అక్కడ క్యాన్సిల్ కొట్టి, మిగతా మెషిన్లలో ఆ ఫైల్ ఇచ్చి నడపండి; లైసెన్స్ ఒప్పుకుంటున్నా అనే ఆప్షన్ విడిగా ఇవ్వాలి.

ప్లేబుక్ సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

ఖాళీ వర్చువల్ మెషిన్ మీద నడపండి, వెంటనే రెండోసారి నడపండి. రెండోసారి 'ఛేంజ్‌డ్' సున్నా రావాలి. తర్వాత మెషిన్ రీబూట్ చేసి డేటాబేస్ దానంతటదే లేచిందా చూడండి. ఆఖరి పరీక్ష బ్యాకప్ నుంచి డేటా అందులోకి ఎక్కించి సాఫ్ట్‌వేర్ తెరవడం.

## ఎక్కించాక

అప్‌డేట్లు వాటంతటవే రానివ్వాలా?

పోస్ట్‌గ్రెస్ చిన్న అప్‌డేట్లు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ నెలల్లో రెండో గురువారం వస్తాయి. ఉబుంటులో ప్యాకేజీ మారితే సర్వర్ రీస్టార్ట్ అవుతుంది, కనెక్షన్లన్నీ తెగుతాయి. పత్తి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ అడ్తి దుకాణంలో పొద్దున వేలం నడుస్తుండగా అది జరిగితే మీ ఫోన్ ఆగకుండా మోగుతుంది. ఆటోమేటిక్ అప్‌డేట్ టైమర్‌ను రాత్రి వేళకు మార్చండి, చాలా చోట్ల అంతే చాలు. ప్యాకేజీని 'హోల్డ్' పెట్టి చేత్తో చేస్తాం అనేవాళ్లు క్యాలెండర్‌లో రాసుకుంటేనే ఆ పని చేయండి, హోల్డ్ పెట్టి మర్చిపోయిన సర్వర్లే ఎక్కువ. జాతర వారంలో మాత్రం ఏదీ ముట్టుకోకండి, మేడారం పోయినవాళ్లకు ఫోన్ కలవదు.

ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశాక కొన్ని పేర్లు వెతికితే దొరకట్లేదు. లిస్ట్‌లో మాత్రం ఉన్నాయి!

ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పేర్లను వరసగా పేర్చిన జాబితా) క్రమం దెబ్బతింది. పోస్ట్‌గ్రెస్ అక్షరక్రమాన్ని మామూలుగా ఆపరేటింగ్ సిస్టమ్ లైబ్రరీ నుంచి తీసుకుంటుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్‌లో ఆ లైబ్రరీ పేరు) 2.28లో ఆ క్రమం చాలా మారింది, అందుకే ఉబుంటు 18.04 నుంచి 20.04కు, డెబియన్ 9 నుంచి 10కి, రెడ్ హ్యాట్ 7 నుంచి 8కి మారినవాళ్లకు ఇది తగిలింది. పాత క్రమంలో పేర్చిన ఇండెక్స్‌లో కొత్త క్రమంతో వెతికితే ఉన్న పేరు కూడా దొరకదు, ఇంకా ఘోరం ఏమిటంటే యూనిక్ కాలమ్‌లో డూప్లికేట్లు పడతాయి. టెక్స్ట్ కాలమ్‌ల మీదున్న ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయాలి. డాకర్‌లో ఆల్పైన్ (ఇంకో చిన్న లినక్స్) ఇమేజ్ నుంచి మామూలు డెబియన్ ఇమేజ్‌కు అదే వాల్యూమ్‌తో మారినా ఇదే జరగొచ్చు, రెండింటి లైబ్రరీలు వేరు.

పోస్ట్‌గ్రెస్ 14 నుంచి 17కు ఎలా పోవాలి? ప్యాకేజీ మారిస్తే చాలదా?

చాలదు. పెద్ద వెర్షన్ మారితే డేటా ఫోల్డర్ రూపం మారుతుంది. చిన్న డేటాబేస్ అయితే డంప్ (మొత్తం డేటాను ఒక ఫైల్‌గా రాయడం) తీసి కొత్త దాంట్లో ఎక్కించడం అన్నిటికన్నా శుభ్రం. పెద్దదైతే పీజీ అప్‌గ్రేడ్. ఉబుంటు, డెబియన్‌లలో ఈ పనికి పీజీ అప్‌గ్రేడ్‌క్లస్టర్ అని సులువైన తొడుగు ఉంది, అది కొత్త క్లస్టర్‌కు పాత పోర్ట్ ఇచ్చి పాతదాన్ని వేరే పోర్ట్‌కు జరుపుతుంది, కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో ఏమీ మార్చక్కర్లేదు. అయ్యాక డేటా లెక్కలు సేకరించే 'అనలైజ్' నడిపారా లేదా చూసుకోండి, లేకపోతే క్వెరీలు నత్తనడక నడుస్తాయి. దీన్ని ప్లేబుక్‌లో పెట్టి గాలికి వదిలేయొద్దు, మనిషి కూర్చుని చేయాలి.

ఏదో పాడైంది, తీసేసి మళ్లీ ఎక్కిస్తే డేటా ఉంటుందా?

ఏ పదం వాడారన్నదాన్ని బట్టి. ఆప్ట్‌లో 'రిమూవ్' అంటే డేటా, కాన్ఫిగ్ ఉంటాయి. 'పర్జ్' అంటే డేటాను కూడా తీసేసే దాకా పోతుంది, నాన్ ఇంటరాక్టివ్‌లో ఉంటే ఆగి అడుగుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. రాకీ, రెడ్ హ్యాట్‌లలో వాడే డీఎన్‌ఎఫ్ 'రిమూవ్' డేటా ఫోల్డర్‌ను వదిలేస్తుంది. విండోస్‌లో పోస్ట్‌గ్రెస్ అన్‌ఇన్‌స్టాల్ చేసినా డేటా ఫోల్డర్ అక్కడే ఉంటుంది. డాకర్ కంపోజ్‌లో 'డౌన్' కొడితే పేరు పెట్టిన వాల్యూమ్‌లు ఉంటాయి, చివర వీ ఆప్షన్ చేర్చారో అవి కూడా పోతాయి. తీసేయడానికి ముందు సర్వీస్ ఆపి డేటా ఫోల్డర్‌ను వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. పాడైందంటున్నారు కాబట్టి లాగ్ ఫైల్ కూడా కాపీ చేయండి, అసలు ఏమైందో అందులోనే రాసి ఉంటుంది, చాలాసార్లు డిస్క్ నిండిపోయి ఉంటుంది అంతే.